మెరిసిన పూత పెచ్చులూడింది: సొంతంగా కట్టుకున్న పౌడర్ కోటింగ్ ఓవెన్, ఒక కేస్ స్టడీ

12 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప బ్రాకెట్ అది. నల్ల పౌడర్ (తడి పెయింటుకు బదులు లోహానికి అంటించి, ఓవెన్ వేడిలో కరిగించి గట్టిపరిచే పొడి రంగు) కొట్టి, కొత్తగా కట్టిన ఓవెన్‌లో కాల్చి బయటికి తీస్తే అద్దంలా మెరిసింది. మర్నాడు దానికి బోల్టు బిగిస్తుంటే వాషర్ అంచున పూత పటుక్కుమని పగిలింది. గోరు పెట్టి గీరితే పెచ్చుపెచ్చుగా లేచొచ్చింది. అదే బ్యాచ్‌లో వేలాడదీసిన 2 మిల్లీమీటర్ల రేకు ముక్కను మాత్రం సుత్తితో కొట్టి వంచినా పూత చెక్కు చెదరలేదు. పౌడర్ ఒకటే, ఓవెన్ ఒకటే, లోపల ఉన్న టైమూ ఒకటే.

ఈ తేడా ఎందుకొచ్చిందో తేల్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఓవెన్‌ను సగం విప్పి మళ్లీ కట్టాను. అందుకే కట్టిన పద్ధతి, పడిన తప్పులు, దిద్దుకున్న తీరు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. సొంతంగా ఓవెన్ కట్టుకోవాలనుకునే వాళ్లలో చాలామంది హీటర్లు ఎన్ని కిలోవాట్లు, రేకు ఎంత మందం అనే దగ్గరే ఆగిపోతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను.

సైజు, లెక్క

నా పని ఫ్రేములు, బ్రాకెట్లు, మెషిన్ కవర్లు, అప్పుడప్పుడు సైకిల్ ఫ్రేములు. అంతకుముందు చిన్న చిన్న ముక్కల్ని ఒక పాత వంట ఓవెన్‌లో కాల్చేవాణ్ని. ఒకసారి పౌడర్ కాల్చిన ఓవెన్‌లో మళ్లీ తిండి వండకూడదు కాబట్టి దాన్ని వర్క్‌షాప్‌కే వదిలేశాను. ఆ పాత ఓవెన్ తరవాత ప్రస్తావనకు వస్తుంది.

పెద్ద ఓవెన్ కడదామని ఎవరికైనా ఆశ పుడుతుంది. నేను మాత్రం ఏడాదిలో చేసిన జాబులన్నీ, అంటే పూత వేసిన ముక్కలన్నీ, టేపుతో కొలిచి చూసుకున్నాను. అన్నిటికన్నా పొడవైనది 1050 మిల్లీమీటర్లు. దాన్ని నిలువుగా వేలాడదీసి, చుట్టూ గాలి తిరగడానికి కనీసం 75 మిల్లీమీటర్ల ఖాళీ వదిలితే చాలనుకున్నాను. లోపలి కొలతలు 900 వెడల్పు, 900 లోతు, 1200 ఎత్తు దగ్గర ఖరారయ్యాయి.

తరవాత వేడి లెక్క. ఇనుము ఒక కిలో ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు అర కిలోజౌల్ కావాలి. 20 కిలోల జాబును 30 డిగ్రీల నుంచి 200కు తీసుకెళ్లాలంటే 1,700 కిలోజౌల్స్, అంటే అర యూనిట్ కరెంటు కూడా కాదు. ఇంత తక్కువా అని ఆశ్చర్యపోయాను. అసలు సంగతి ఆ తరవాత బయటపడింది. లోపలి డబ్బాకు గట్టిగా ఉంటుందని 1.6 మిల్లీమీటర్ల రేకు వాడదామనుకున్నాను. ఆరు గోడలూ కలిపి సుమారు 6 చదరపు మీటర్లు. ఆ రేకే 75 కిలోలు! దాన్ని 200కు వేడి చేయడానికి 1.8 యూనిట్లు. అంటే జాబు తినే వేడికి దాదాపు నాలుగింతలు ఓవెన్ గోడలే తినేస్తాయి. రేకును 0.8కి తగ్గిస్తే ఆ ఖర్చు సగమవుతుంది. లోపలి గాలికి పట్టే వేడి వీటి పక్కన లెక్కలోకే రాదు.

100 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (వేడిని ఆపే రాతి నార) వేస్తే గోడల్లోంచి బయటికి పోయే వేడి కాగితం మీద 600 వాట్ల దాకా వచ్చింది. తలుపు సందులు, ఫ్రేము అన్నీ కలుపుకుని దానికి రెట్టింపు అనుకున్నాను. ఇవన్నీ కూడి, 2 కిలోవాట్ల హీటర్లు మూడు పెడితే అర గంటలోపు 200 అందుకుంటుందని తేలింది. కట్టాక అసలు టైము 27 నిమిషాలు వచ్చింది. బరువైన రేకు వాడి ఉంటే ప్రతి ఉదయం ఇంకో పది నిమిషాలు డిస్‌ప్లే చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది. ఓవెన్ బాడీ బలం ఫ్రేములో ఉండాలి, లోపలి రేకులో కాదు.

బాడీ

40 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపుతో ఫ్రేము, లోపలా బయటా జీఐ రేకు (జింకు పూత ఉన్న ఇనుప రేకు), మధ్యలో 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ స్లాబులు రెండు వరసలు. మొదటి వరస అతుకుల మీద రెండో వరస అతుకులు పడకుండా ఇటుకల్లా మార్చి పేర్చాలి, లేకపోతే ఆ సందుల్లోంచి వేడి నేరుగా బయటికి దారి చూసుకుంటుంది. రాక్‌వూల్ కోసేటప్పుడు మాస్కు, నిండు చేతుల చొక్కా, కళ్లద్దాలు తప్పనిసరి. జీఐ రేకును ఎక్కడా వెల్డింగ్ చేయలేదు. జింకు కాలిన తెల్లటి పొగ పీల్చితే ఆ రాత్రికే చలిజ్వరం వస్తుంది. అందుకే రేకు అంతా రివిట్లే, వెల్డింగ్ ఫ్రేముకు మాత్రమే.

మొదటిసారి వేడి చేసినప్పుడు ఘాటైన వాసన, సన్నటి పొగ వచ్చాయి. రాక్‌వూల్‌ను పట్టి ఉంచే రెజిన్ కాలడం వల్ల వచ్చేదది. ఖాళీ ఓవెన్‌ను 220 దగ్గర మూడు గంటలు, షట్టర్లన్నీ తెరిచి, మనుషులు దూరంగా ఉండి కాలనిస్తే పోయింది. ఈ పని పూర్తికాకుండా జాబు పెట్టకండి.

ఆ రోజే రెండు తప్పులు కనబడ్డాయి. ఒకటి, బయటి గోడల మధ్యలో చెయ్యి ఆనిస్తే గోరువెచ్చగా ఉంది గానీ మూలల వెంట వేలు పెట్టి మూడు లెక్కపెట్టలేకపోయాను. థర్మోకపుల్ (వేడిని కొలిచే వైరు) పెట్టి చూస్తే మధ్యలో 42, మూలల్లో 88 డిగ్రీలు. లోపలి రేకును నేరుగా ఫ్రేముకు బిగించాను, ఫ్రేముకే బయటి రేకునూ బిగించాను. మధ్యలో ఎంత రాక్‌వూల్ ఉన్నా ఇనుప పైపు వేడిని మోసుకొచ్చి బయట పెడుతోంది. లోపలి డబ్బాను విప్పి, బిగించే ప్రతి చోటా 10 మిల్లీమీటర్ల కాల్షియం సిలికేట్ బోర్డు ముక్క పెట్టి మళ్లీ బిగిస్తే మూలలు 58కి దిగాయి. ఇంకా తగ్గేవే, కానీ స్క్రూలు కూడా ఇనుమే కదా.

రెండోది శబ్దం. 150 దాటగానే లోపల ఎవరో రేకు డబ్బాను గుద్దినట్టు ఢామ్మని మోగింది. మెయిన్ ఆపేసి పరుగెత్తాను. ఏమీ కాలేదు, లోపలి రేకు పొంగి ఒక్కసారిగా బయటికి ఉబ్బింది, అంతే. 1200 మిల్లీమీటర్ల ఇనుప రేకు 170 డిగ్రీలు వేడెక్కితే దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. నాలుగు పక్కలా రివిట్లతో బంధిస్తే ఆ పెరుగుదల ఎక్కడికి పోతుంది? తరవాత ప్రతి రేకునూ ఒక అంచున మాత్రమే రివిట్ చేసి, మిగతా అంచుల్ని ఒకదాని మీద ఒకటి జారేలా, పొడుగు రంధ్రాలతో వదిలాను. మోత ఆగిపోయింది.

కరెంటు

హీటర్లను ఆన్, ఆఫ్ చేసేది ఎస్‌ఎస్‌ఆర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్, వేడిని చూసి దానికి ఆజ్ఞ ఇచ్చేది కంట్రోలర్. మా బావ ఎలక్ట్రీషియన్. నేను కాగితం మీద గీసిన వైరింగ్ చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇదీ:

“బావా, కంట్రోలర్ ఆపమంటే ఎస్‌ఎస్‌ఆర్ వినకపోతే ఏం చేస్తావ్?”

“ఎందుకు వినదు?”

“అది చచ్చిపోతే ఎక్కువసార్లు ఆన్‌లోనే చస్తుంది. అప్పుడు హీటర్లను ఎవరు ఆపాలి?”

నా దగ్గర సమాధానం లేదు. ఆయన మాట మీదే రెండో కాపలా పెట్టాను: కంట్రోలర్‌తో ఏ సంబంధమూ లేకుండా, వేడి హద్దు దాటితే తనంతట తానే పడే ఒక క్యాపిలరీ థర్మోస్టాట్. దాన్ని 235 దగ్గర సెట్ చేసి, మెయిన్ కాంటాక్టర్ (హీటర్లకు కరెంటు కలిపే, తెంచే పెద్ద స్విచ్) కాయిల్‌కు సిరీస్‌లో కలిపాం. ఒకసారి పడితే చేత్తో రీసెట్ చేస్తే తప్ప మళ్లీ కరెంటు రాదు.

మిగతాది మామూలే. హీటర్లు మూడూ కలిసి 230 వోల్టుల దగ్గర 26 ఆంపియర్లు లాగుతాయి కాబట్టి ఈ ఓవెన్‌కే విడిగా 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 32 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే పడే స్విచ్), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడే స్విచ్). కె టైప్ థర్మోకపుల్, పీఐడీ కంట్రోలర్. లోపలి రేకు, ఫ్రేము, తలుపు అన్నిటికీ విడివిడిగా ఎర్తింగ్. వేడి తగిలే చోట పీవీసీ వైరు పనికిరాదు, గ్లాస్ ఫైబర్ తొడుగు ఉన్న వైరు, పింగాణీ కనెక్టర్లు వాడాలి. హీటర్ కొసల దగ్గర టంకం పెట్టకూడదు. మామూలు తగరం-సీసం టంకం 183 డిగ్రీలకే కరగడం మొదలెడుతుంది, మన ఓవెన్ 200 దగ్గర పనిచేస్తుంది. కాబట్టి అన్నీ లగ్గులు నొక్కి, స్క్రూ బిగించినవే. తలుపు తెరిస్తే హీటర్లు, తరవాత పెట్టిన ఫ్యాను ఆగేలా ఒక లిమిట్ స్విచ్.

ఆ రెండో కాపలా రుణం రెండు నెలల్లోనే తీర్చుకుంది. ఒక సాయంత్రం చివరి బ్యాచ్ లోపల ఉండగా డిస్‌ప్లే 205 దాటి 215, 222, 228 అంటూ ఎక్కుతూ పోయింది. కంట్రోలర్ మీద అవుట్‌పుట్ లైటు ఆరిపోయే ఉంది. నేను మెయిన్ దగ్గరికి వెళ్లేలోపే కాంటాక్టర్ టక్కుమని పడిపోయింది. విప్పి చూస్తే ఎస్‌ఎస్‌ఆర్ షార్టయింది, సరిగ్గా బావ చెప్పినట్టే. తప్పు నాదే. ఒకే 40 ఆంపియర్ల ఎస్‌ఎస్‌ఆర్ మీద మొత్తం 26 ఆంపియర్లు వేశాను. దాంట్లో 30 వాట్లకు పైగా వేడి పుడుతుంది. పైగా ప్యానెల్‌ను ఓవెన్ పక్క గోడకే బిగించాను, పెట్టె లోపల 61 డిగ్రీలు ఉంది. ఇప్పుడు ప్యానెల్ విడిగా స్టాండు మీద, ఓవెన్‌కు మీటరు దూరంలో ఉంది. ఒక్కో హీటర్‌కు ఒక్కో ఎస్‌ఎస్‌ఆర్, ఒక్కోదాని మీద 9 ఆంపియర్ల లోపే. ఎవరైనా నన్ను ఒక్కటే చెప్పమంటే, మిగతా వాటిలో ఎక్కడ పొదుపు చేసినా ఆ థర్మోస్టాట్ మాత్రం వదలొద్దంటాను.

ఇంకో సంగతి. వానాకాలంలో రెండు వారాలు వాడకుండా వదిలేసి ఆన్ చేస్తే ఆర్‌సీసీబీ పడిపోతూ ఉండేది. హీటర్ గొట్టం లోపల ఉండే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి తేమను పీల్చుకుంటుంది. 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెడితే ఒక మెగా ఓమ్ కూడా చూపించలేదు. ఇలాంటప్పుడు ఆర్‌సీసీబీని బైపాస్ చేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, దయచేసి వినకండి. హీటర్లు విప్పి పాత వంట ఓవెన్‌లో 120 దగ్గర ఒక పూట ఉంచితే 50 మెగా ఓమ్‌లు దాటింది.

బ్రాకెట్ దగ్గరికి మళ్లీ

మొదటి రూపంలో ఓవెన్‌కు ఫ్యాను లేదు. హీటర్లు అడుగున, వేడి గాలి దానంతటదే పైకి లేస్తుందనుకున్నాను. పౌడర్ డబ్బా మీద 200 డిగ్రీలు, 10 నిమిషాలు అని ఉంది. ఓవెన్‌ను ముందే వేడిచేసి, జాబు లోపల పెట్టి, తలుపు మూశాక డిస్‌ప్లే మళ్లీ 200 చూపించగానే టైమర్ పెట్టి, ఎందుకైనా మంచిదని 15 నిమిషాలు ఉంచేవాణ్ని.

పెచ్చులూడిన రోజు మొదట అనుమానించింది నూనె జిడ్డును. శుభ్రం సరిగా చేయలేదేమో. కానీ రేకు ముక్కా, బ్రాకెట్టూ ఒకే తొట్టిలో కడిగినవి. తరవాత పౌడర్ పాతదేమో అనుకున్నాను, అలాగైతే రేకు మీద కూడా నిలవకూడదు. చివరికి తెల్ల నూలుగుడ్డను ఎంఈకే సాల్వెంట్‌లో ముంచి రెండిటి మీదా ఒకే ఒత్తిడితో రుద్దాను, వెనక్కీ ముందుకూ 30 సార్లు. రేకు దగ్గర గుడ్డకు లేత మరక అంటింది, మెరుపు అలాగే ఉంది. బ్రాకెట్ దగ్గర పదోసారికే గుడ్డ నల్లగా అయింది, కింద పూత జిగటగా మెత్తబడింది. జిడ్డు వల్ల అంటుకోకపోతే పూత పొరలా లేస్తుంది గానీ ఇలా కరగదు. ఇది పచ్చిగా ఉండిపోయిన పూత.

పౌడర్ లోపల జరిగేది రెండు వేరు వేరు పనులని ఇక్కడే నాకు నిజంగా అర్థమైంది. నూరు డిగ్రీల చుట్టుపక్కల పౌడర్ కరిగి, పారి, నున్నగా పరుచుకుని మెరుస్తుంది. అది కరగడం మాత్రమే. ఆ తరవాత ఇంకా పై వేడిలో కొన్ని నిమిషాలు ఉంటేనే రెజిన్, హార్డెనర్ ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడతాయి. మొదటి పని పూర్తయితే చాలు, కంటికి అంతా అయిపోయినట్టే కనిపిస్తుంది. డబ్బా మీద రాసిన 200 గాలి టెంపరేచర్ కాదు, లోహం టెంపరేచర్. ఆ మాట డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండనే ఉంది, నేను చదవలేదు.

ఇక కొలవాలి. ఇన్‌ఫ్రారెడ్ గన్ ఒకటి ఉంది గానీ మెరిసే లోహం మీద అది చాలా తక్కువ చూపిస్తుంది, పైగా తలుపు తెరిస్తే తప్ప కొలవలేం. అందుకని వాషర్ ఆకారంలో ఉండే థర్మోకపుల్ ఒకటి బ్రాకెట్ రంధ్రంలో బోల్టుతో బిగించాను, ఇంకొకటి రేకుకు. వైర్లు తలుపు సందులోంచి బయటికి తీసి నిమిషానికోసారి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. డిస్‌ప్లే 200 చూపించి నేను టైమర్ పెట్టే వేళకు రేకు 160 దగ్గర ఉంది, బ్రాకెట్ 70 దగ్గర. ఇంకో ఐదు నిమిషాలకు రేకు 190 దాటింది. టైమర్ మోగేసరికి బ్రాకెట్ చేరింది 138.

ఆ అంకె రాసుకున్న పేజీ నా దగ్గర ఇంకా ఉంది. నూట ముప్పై ఎనిమిది! పౌడర్ కరిగి మెరవడానికి సరిపోయే వేడి, గట్టిపడటానికి ఏమాత్రం చాలనిది. రేకు ముక్కకు సరిపోయింది కూడా నేను అదనంగా ఇచ్చిన ఆ ఐదు నిమిషాల పుణ్యమే.

ఇందులో తికమక పెట్టేది బరువు. బరువైన జాబు ఆలస్యంగా కాలుతుందని అందరం అంటాం. నిజానికి చూడాల్సింది మందం. 10 కిలోల పల్చటి రేకు కవర్ గాలికి బోలెడంత ఒళ్లు చూపిస్తుంది కాబట్టి తొందరగా వేడెక్కుతుంది. 3 కిలోల మందపాటి ముక్కకు లోపల ఇనుము ఎక్కువ, వేడి పుచ్చుకునే ఒళ్లు తక్కువ. మందం రెట్టింపయితే టైమూ దాదాపు రెట్టింపవుతుంది. బరువు ప్రభావం చూపేది వేరే చోట: తలుపు మూశాక ఓవెన్ మళ్లీ 200కు ఎంతసేపట్లో కోలుకుంటుందన్న దాని మీద.

ఫ్యాను

అదే రోజు ఖాళీ ఓవెన్‌లో పైన, మధ్యలో, కింద మూడు థర్మోకపుల్స్ వేలాడదీశాను. మధ్యలో 195 ఉంటే పైన 212, కింద 168. మా బ్రాకెట్ వేలాడింది కింది వరసలో. అసలే మందం, ఆపైన చల్లటి చోటు. ఇంకో తేడా కూడా అప్పుడే గమనించాను: తెల్ల పౌడర్ కొట్టిన ముక్కలకు హీటర్ల వైపు ఉన్న పక్క మీగడ రంగులోకి తిరిగింది. ఎర్రగా కాలే హీటర్ ఎదురుగా కనిపిస్తుంటే ఆ పక్కకు నేరుగా వేడి కొట్టి మాడుతుంది.

రెండిటికీ మందు ఒకటే. హీటర్లను అడుగు నుంచి తీసి, ఎడమ గోడ పొడుగునా రేకుతో ఒక డక్ట్ (గాలి గొట్టం) కట్టి దాంట్లో పెట్టాను. డక్ట్ పైన బ్లోయర్. మోటారు ఓవెన్ బయట, పొడుగాటి షాఫ్ట్ రాక్‌వూల్ గుండా లోపలికి. షాఫ్ట్ మీద మోటారుకూ గోడకూ మధ్య ఒక అల్యూమినియం పళ్లెం బిగిస్తే అది తిరుగుతూ వేడిని గాలిలోకి వదిలేస్తుంది, బేరింగు బతుకుతుంది. ఫ్యాను తిరగకపోతే హీటర్లకు కరెంటు వెళ్లకుండా కాంటాక్టర్లను ఇంటర్‌లాక్ చేశాం, ఎందుకంటే గాలి లేని డక్ట్‌లో హీటర్లు వాటిని అవే కాల్చుకుంటాయి.

మొదటి జాబులోనే దెబ్బ తిన్నాను. ఒక సైకిల్ ఫ్రేము బయటికి తీస్తే గాలి వచ్చే వైపు పైపు మీద అరచేయంత మేర బోడిగా ఉంది. కరగక ముందు పౌడర్ జాబును పట్టుకుని ఉండేది స్టాటిక్ ఛార్జి బలంతోనే, గట్టిగా ఊదితే రాలిపోతుంది. డక్ట్ నోటికి అడ్డంగా సన్నటి బెజ్జాల జల్లెడ రేకు బిగించి, గాలి ఒక చోట నుంచి జెట్‌లా కాకుండా గోడంతా పరుచుకుని వచ్చేలా చేశాను. బ్లోయర్ నోటికి ఒక షట్టర్ పెట్టి గాలిని మూడో వంతు తగ్గించాను. కరిగాక ఇక ఎంత గాలైనా ఫర్వాలేదు. వేలాడదీసే రాడ్డును కూడా పట్టాల మీద జారేలా మార్చాను. బయట స్టాండు మీదే పౌడర్ కొట్టి, కుదుపు లేకుండా లోపలికి తోసేయొచ్చు. చేత్తో ఎత్తి హుక్కు మార్చిన ప్రతిసారీ ఎక్కడో ఒక చోట కాస్త రాలేది.

ఇప్పుడు పైకీ కిందికీ తేడా 8 డిగ్రీలు దాటడం లేదు. ఓవెన్ సెట్ చేసింది 205. రేకు 9 నిమిషాల్లో 190 అందుకుంటోంది. 12 మిల్లీమీటర్ల బ్రాకెట్‌కు 37 నిమిషాలు పడుతోంది, ఆ తరవాతే టైమర్. ఈ పౌడర్ షీటులో 190 దగ్గరైతే 15 నిమిషాలు అని ఉంది కాబట్టి మొత్తం 52 నిమిషాలు. అలా కాల్చిన బ్రాకెట్‌కు బోల్టు బిగించి, విప్పి, మళ్లీ బిగించాను. వాషర్ అచ్చు పడింది, పూత మాత్రం పగల్లేదు.

గుంటలు

ఇంతటితో అయిపోయిందనుకుంటే రెండో రూపం మొదలైన వారానికి కొత్త జబ్బు. ప్రతి జాబు మీదా గుండుసూది తలంత గుంటలు. అంచు కాస్త ఉబ్బి, మధ్యలో అడుగున లోహం కనిపిస్తోంది. పిన్‌హోల్స్ (సూది బెజ్జాలు) అయితే పోత లోహంలో ఇరుక్కున్న గాలి వల్ల వస్తాయి. పోత అల్యూమినియం ముక్కల్ని పౌడర్ కొట్టక ముందే 220 దగ్గర అరగంట ఖాళీగా కాల్చేస్తే అవి చాలావరకు తగ్గిపోతాయి. ఇవి అవి కావు, మామూలు ఇనుప రేకు మీదా వచ్చాయి.

కంప్రెసర్ గాలిలో నూనె వస్తోందేమో అని శుభ్రమైన అద్దం మీద రెండు నిమిషాలు ఊదాను. మచ్చ లేదు. రెండు రేకు ముక్కలు ఒకేసారి కడిగి, ఒకేసారి పౌడర్ కొట్టి, ఒకటి కొత్త ఓవెన్‌లో, ఒకటి పాత వంట ఓవెన్‌లో కాల్చాను. పాతదాంట్లోది నున్నగా వచ్చింది. అంటే పౌడర్, గాలి, శుభ్రం అన్నీ బాగున్నట్టే, దోషం కొత్త ఓవెన్ లోపలే ఉంది. ఈ మధ్య ఏం మార్చాను? డక్ట్ కట్టాను. డక్ట్ అతుకుల్లోంచి గాలి కారకుండా 300 డిగ్రీలు తట్టుకుంటుందని రాసి ఉన్న ఎర్ర సిలికోన్ సీలెంట్ పూశాను.

తట్టుకుంటుంది, నిజమే. సీలెంట్‌కు ఏమీ కాదు. కానీ వేడెక్కినప్పుడు దాంట్లోంచి కంటికి కనిపించని సిలికోన్ ఆవిరి లేచి జాబు మీద వాలుతుంది. అది వాలిన చోట కరిగిన పౌడర్ నిలవలేక పక్కకు తప్పుకుంటుంది, గుంట పడుతుంది. అనుమానం తీర్చుకోవడానికి ఆరిన సీలెంట్ పెచ్చు బఠాణీ గింజంత తీసి, పాత వంట ఓవెన్‌లో కొత్త రేకు ముక్క పక్కన పెట్టి కాల్చాను. అరగంటలో అవే గుంటలు!

డక్ట్ మొత్తం విప్పి సీలెంట్‌ను బ్లేడుతో గీకి, రేకుల్ని సాల్వెంట్‌తో తుడిచాను. అతుకుల మధ్య సిరామిక్ ఫైబర్ పేపరు, తలుపు చుట్టూ గ్లాస్ ఫైబర్ తాడు. ఓవెన్‌ను ఖాళీగా 220 దగ్గర, పొగ గొట్టం పూర్తిగా తెరిచి, నాలుగు రోజులు రోజుకు మూడు గంటల చొప్పున కాల్చాను. ప్రతి రోజూ చివర్లో ఒక పరీక్ష ముక్క. మొదటి రోజు ముక్క మీద గుంటలు లెక్కపెట్టలేనన్ని, నాలుగో రోజు ఒక్కటి కూడా లేదు. రంధ్రాలు మూయడానికి వాడే సిలికోన్ ప్లగ్గులు కూడా సిలికోనే కదా అని అడగొచ్చు. అవి తయారీలోనే బాగా కాల్చి గట్టిపరిచినవి, వాటితో నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ట్యూబులోంచి పిండి పూసే సీలెంటే అసలు సమస్య. ఇప్పుడు నా వర్క్‌షాప్‌లో సిలికోన్ స్ప్రే డబ్బా కూడా ఉంచను.

పొగ గొట్టం 50 మిల్లీమీటర్లది, షట్టర్‌తో సహా నేరుగా బయటికి. పౌడర్ గట్టిపడేటప్పుడు రకాన్ని బట్టి నీటి ఆవిరి, కాప్రోలాక్టమ్ లాంటివి వెలువడతాయి, అవి మనం పీల్చాల్సినవి కావు. పౌడర్ కొట్టే చోటు ఓవెన్‌కు ఆనుకుని ఉండకూడదు. గాలిలో లేచిన పౌడర్ మేఘానికి నిప్పురవ్వ తగిలితే అది మంటగా కాదు, పేలుడుగా అంటుకుంటుంది. పౌడర్ కొట్టే నా బూత్ ఎదురు మూల ఉంది, దాని ఎగ్జాస్ట్ వేరు.

ఇంకా తేలనిది

2 మిల్లీమీటర్ల రేకునూ 12 మిల్లీమీటర్ల పట్టీనీ కలిపి వెల్డింగ్ చేసిన జాబులు వస్తుంటాయి. పట్టీ 190 అందుకోవడానికి పట్టే 37 నిమిషాల్లో చాలాసేపు రేకు 190 దాటి ఉడుకుతూనే ఉంటుంది. నలుపు, బూడిద రంగులైతే ఆ అదనపు కాలుడును ఓర్చుకుంటాయి. తెలుపు ఓర్చుకోదు, రేకు వైపు పచ్చబడుతుంది. ప్రస్తుతానికి ఇలాంటి తెల్ల జాబులకు రెండు పనులు చేస్తున్నాను. పౌడర్ కొట్టక ముందు పట్టీ వైపును మాత్రం హీట్ గన్‌తో 70 డిగ్రీల దాకా వేడి చేస్తాను, దాని వల్ల పట్టీకి ఓవెన్‌లో ఏడెనిమిది నిమిషాలు కలిసొస్తున్నాయి. అంతకుమించి వేడి చేస్తే పౌడర్ తగిలిన చోటే అంటుకుని మందంగా పేరుకుపోతుంది. రెండోది, సెట్టింగును 205 నుంచి 195కు దించి, 180 దగ్గర 20 నిమిషాలకు గట్టిపడే పౌడర్ వాడుతున్నాను.

జాబు మందం, గాలి సెట్టింగు, లోహం 180 లేదా 190 అందుకున్న నిమిషం, బయటికి తీసిన నిమిషం. ఈ నాలుగూ రాసే చార్టు ఓవెన్ తలుపు పక్కన వేలాడుతోంది. వాషర్ థర్మోకపుల్ వైరు ఇప్పుడు గోడలో పింగాణీ గొట్టం గుండా శాశ్వతంగా లోపలికి వెళ్తుంది, ప్రతి బ్యాచ్‌లో అన్నిటికన్నా మందమైన ముక్కకు దాన్ని బిగిస్తాం. కుర్రాళ్లకు చెప్పింది ఒకటే: టైమర్ ఆ వైరు చూపించే అంకెను బట్టే పెట్టాలి, కంట్రోలర్ డిస్‌ప్లేను బట్టి కాదు.